వాలుకప్పులు: తీరులు, నడికొప్పు కట్టుబడి, కప్పు మీద పనిలో భద్రత

వాననీరు నిలవకుండా జారిపోయేందుకు ఒక వైపుకో, రెండు వైపులకో, నాలుగు వైపులకో వంపు ఇచ్చి కట్టే పైకప్పు వాలుకప్పు. తాటాకు పాక, గూనపెంకుల ఇల్లు, మండువా లోగిలి, రేకుల షెడ్డు, అమెరికాలో మనవాళ్లు కొనుక్కునే చెక్క ఇల్లు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. పైన పరిచేది ఆకు కావచ్చు, పెంకు కావచ్చు, రేకు కావచ్చు. కట్టుబడిని నిర్ణయించేది మాత్రం రెండు వాలులూ కలిసే నడికొప్పు. అక్కడ పెట్టిన కర్ర బరువు మోస్తోందా, లేక వాసాలను వరుసలో నిలపడానికే ఉందా అన్నదాన్ని బట్టే గోడలు ఎంత గట్టివి కావాలో, స్తంభాలు ఎక్కడ రావాలో తేలుతుంది. మరమ్మతుకు ఎక్కిన మనిషి కాలు ఎక్కడ మోపాలి, తాడు దేనికి కట్టుకోవాలి అన్నదీ దాన్నిబట్టే.

వాలు ఎంత ఉండాలి

మేస్త్రీలు వాలును డిగ్రీల్లో చెప్పరు. ఇన్ని అడుగులు అడ్డం పోతే ఇంత ఎత్తు లేవాలి అంటారు. రెండు అడుగులకు ఒక అడుగు లేస్తే అది సుమారు 26.5 డిగ్రీలు. మంగుళూరు పెంకుకు అంతకంటే వాలు బాగా తగ్గితే ఈదురుగాలితో కొట్టే వానకు నీరు పెంకు కొస కిందుగా వెనక్కి ఎక్కి ఇంట్లోకి కారుతుంది. ఆకు, గడ్డి కప్పులకు ఇంకా నిటారు వాలు, 45 డిగ్రీల వరకు కావాలి. గడ్డికప్పు నీటిని అడ్డుకోదు. ఒక పరక మీది చుక్కను మరో పరకకు అందిస్తూ, లోపలికి ఇంకేలోపే చూరు దాకా చేరుస్తుంది. వాలు తగ్గితే చుక్క మధ్యలోనే ఆగిపోతుంది, రెండు వర్షాకాలాలు తిరిగేసరికి గడ్డి కుళ్లుతుంది. రేకుకు అతుకులు తక్కువ కాబట్టి 10 డిగ్రీలతోనూ నెట్టుకురావచ్చు. ఆ పొదుపుకు గాలి దగ్గర మూల్యం చెల్లించాలి. దాని సంగతి తర్వాత.

వాన తక్కువ పడే చోట ఈ తాపత్రయమంతా అక్కర్లేదు. అనంతపురం, కర్నూలు పల్లెల్లో దూలాల మీద దంతెలు, వాటి మీద రాతిబండలో కర్రలో పరిచి, పైన చవుడు మట్టి దిమ్మిస కొట్టిన మిద్దెలే తరతరాలుగా నిలిచాయి. కోస్తాకు వచ్చేసరికి కప్పు నిటారవుతుంది, చూరు కిందికి దిగుతుంది.

తీరులు

అన్నిటికన్నా తేలికైనది ఒంటివాలు. పెద్దింటి గోడకు ఆనించి దించిన వసారా, పశువుల కొట్టం ఈ రకం. రెండువాలుల కప్పులో ఇరుచివరలా గోడ త్రికోణంగా నడికొప్పు దాకా లేస్తుంది. కోతలు తేలిక, కలప వృథా తక్కువ. కాకపోతే గాలివాన నేరుగా కొట్టేది ఆ త్రికోణపు గోడనే. సరైన ఆనిక లేకపోతే మొదట కూలేదీ అదే.

నాలుగువాలుల కప్పులో నడికొప్పు పొట్టిదవుతుంది. దాని రెండు కొసల నుంచి నాలుగు మూలలకు మూలవాసాలు దిగుతాయి. మూలవాసానికి వచ్చి తగిలే చిన్నవాసాల్లో ఏ రెండూ ఒక పొడవుండవు, ప్రతిదాని కొసా ఏటవాలుగా కోయాలి. వడ్రంగి చేతివాటం బయటపడేది ఇక్కడే. పని ఎక్కువే అయినా, ప్రతి వాలూ పక్కవాలును పట్టి ఉంచడం వల్ల తుపాను సీమకు ఇదే తగినది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల్లోని చుట్టిల్లు ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయింది. గుండ్రని మట్టిగోడ, దాని మీద శంకువులాంటి తాటాకు కప్పు, ఇంట్లోకి వంగి వెళ్లేంత కిందికి దిగిన చూరు. నడికొప్పు గీత కాస్తా ఒక బిందువైపోయింది. గాలికి ఎదురు నిలిచే చదును ముఖం ఎక్కడా లేదు. ఇలాంటి గుండ్రటి కప్పు ఈ నేల మీద ఎంత పాతదో తెలుసుకోవాలంటే ఏలూరు జిల్లా గుంటుపల్లికి వెళ్లాలి. క్రీస్తుపూర్వపు బౌద్ధ శిల్పులు అక్కడి కొండలో తొలిచిన గుండ్రని చైత్యంలో తల ఎత్తి చూస్తే రాతిలోనే వాసాలు కనిపిస్తాయి. బరువు మోయాల్సిన పని లేకపోయినా, చెక్కకప్పులో వాసాలు నడిబిందువు దగ్గర ఎలా కలుస్తాయో అలాగే చెక్కి పెట్టారు.

గోదావరి జిల్లాల మండువా లోగిలిలో వాలు బయటికే కాదు, లోపలికీ ఉంటుంది. నాలుగు పక్కలా ఇల్లు, నడుమ ఆకాశం. లోపలి నాలుగు వాలుల నీరూ మండువాలో పడి తూము గుండా వీధిలోకి పోతుంది. అందం సంగతి అందరూ చెబుతారు. పెంకులు సర్దేవాళ్లు చెప్పేది వేరు: ఆ ఇంటి ప్రాణమంతా లోపలి నాలుగు మూలల్లో ఉంది. రెండు వాలుల నీరు ఒక్కచోట కలిసి ఉరికే ఆ మూలల కింద జింకు రేకును దోనెలా మలిచి పరుస్తారు. ఆ రేకుకు చిల్లి పడితే దాని కిందున్న మూలవాసం నానుతుంది, చెదలు పడుతుంది, ఏడాది తిరక్కముందే మూల కుంగుతుంది. లోగిలి కొనేవాళ్లు ముందు చూడాల్సింది చెక్కుడు స్తంభాలను కాదు, ఈ మూలలను.

ఇతర దేశాల తీరుల్లో మూడింటిని చెప్పుకుంటే చాలు. ఒక్కో వాలునూ రెండుగా విరిచి, కింది భాగాన్ని దాదాపు నిలువుగా, పై భాగాన్ని చదునుగా చేసి అటకను గదిగా మార్చే కప్పుకు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా మాన్సార్ (1598–1666) పేరు మీద మాన్సార్డ్ అనే పేరు స్థిరపడింది. ఆయన కనిపెట్టలేదు, వ్యాప్తిలోకి తెచ్చాడంతే. ఇదే విరుపును రెండు వాలులకే పరిమితం చేస్తే అమెరికా పల్లెల్లో ధాన్యపు కొట్టాల మీద కనిపించే గ్యాంబ్రెల్ అవుతుంది. జపాన్‌లోని షిరకవా-గో గ్రామంలో మంచు జారిపోయేందుకు గడ్డికప్పును 60 డిగ్రీల దాకా నిలబెట్టారు. మేకు కొట్టకుండా వాసాలను తాళ్లతోనే బిగిస్తారు, గడ్డి మార్చే రోజున ఊరంతా కప్పెక్కుతుంది. 1995లో యునెస్కో ఈ గ్రామాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పెంకు ప్రయాణం

కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి నిలువునా చీల్చిన గూనపెంకు మన పాతది. ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఒక వరుస బోర్లా పరుస్తారు. కోతులు ఒకసారి పరుగెత్తితే చాలు, ఇల్లంతా చుక్కలు కనిపిస్తాయి. ఒకదానికొకటి గాడిలో ఇరుక్కునే చదును పెంకుకు 1841లో ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతానికి చెందిన గిలార్డోనీ సోదరులు హక్కులు పొందారు. ఆ పద్ధతిని బాసెల్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థ మంగుళూరుకు తెచ్చింది. గియోర్గ్ ప్లెబ్స్ట్ ఆధ్వర్యంలో 1865లో జెప్పు వద్ద నేత్రావతి ఒడ్డున పెంకుల కార్ఖానా మొదలైంది. నది మట్టి, పొయ్యికి కట్టెలు, ఎగుమతికి రేవు, మూడూ అక్కడే దొరికాయి. మన ఊళ్లలో బెంగుళూరు పెంకుగా చలామణీ అయింది ఇదే.

ఒక్కో పెంకు రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. అంటే కప్పులో ప్రతి చదరపు మీటరు మీదా 35 కిలోలకు అటూఇటుగా ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. వానకు నానితే ఇంకాస్త. ఈ బరువు ఎలా కిందికి దిగుతుందన్నదే తర్వాతి విషయం.

నడికొప్పు కట్టుబడి

రెండు పద్ధతులున్నాయి. మొదటిది నిట్టాడి పద్ధతి. ఇంటి నడుమ భూమిలోంచి నిట్టాళ్లు లేచి వెన్నుదూలాన్ని మోస్తాయి. వాసాల పైకొసలు ఆ దూలం మీద వేలాడతాయి, కిందికొసలు గోడ మీద ఆనుతాయి. కప్పు బరువులో సగం నిట్టాళ్ల గుండా నేలకు దిగిపోతుంది. మిగిలిన సగం గోడల మీద నిలువుగా పడుతుందే తప్ప వాటిని పక్కకు తొయ్యదు. అందుకే మన పూరిళ్లకు మట్టిగోడలు సరిపోయాయి. వరదకు గోడ కరిగిపోయినా గుంజల మీద కప్పు నిలబడేది. నీరు తీశాక గోడ మళ్లీ పెట్టుకునేవారు.

రెండోది జతవాసాల పద్ధతి. ఎదురెదురు వాసాలు నడికొప్పులో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయి. వాటి మధ్య ఉండే కొప్పు పలక దాదాపు ఏ బరువూ మొయ్యదు. జతలను నిటారుగా, సమదూరంలో ఉంచడమే దాని పని. బరువంతా వాసాల గుండా గోడల మీదికి వస్తుంది, వస్తూ గోడలను బయటికి తోస్తుంది. రెండు పేకముక్కలను ఆనించి నిలబెడితే అడుగు కొసలు జారిపోయేది ఈ తోపుడు వల్లే. దీన్ని ఆపడానికి ఒక గోడ నుంచి ఎదురు గోడకు అడ్డదూలం వేసి, వాసాల కాళ్లను దానికి బిగించాలి.

ఆ తోపుడు ఎంతో లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. గోడల నడుమ 6 మీటర్లు, నడికొప్పు ఎత్తు 1.5 మీటర్లు అనుకుందాం. ఒక జత వాసాల మీద పెంకులు, కలప కలిపి 200 కిలోల బరువుంటే, వాసాల కాళ్ల దగ్గర బయటికి తోసే బలం 100 కిలోలు. నడికొప్పును 3 మీటర్లకు లేపితే, కప్పు పెరిగి కాస్త బరువెక్కడాన్ని పక్కన పెట్టి చూస్తే, తోపుడు 50కి తగ్గుతుంది. కలప కలిసొస్తుందని 75 సెంటీమీటర్లకు దించితే 200కు చేరుతుంది. ఎత్తు సగమైతే తోపుడు రెట్టింపు. వాలు తగ్గించిన పాత ఇళ్లలో గోడ పైభాగం బయటికి ఒరిగి, నడికొప్పు మధ్యలో పల్లమైపోవడానికి కారణం వేరే వెతకనక్కర్లేదు. దారినపోతూ కొప్పు వంక చూస్తేనే ఇంటి ఆరోగ్యం తెలిసిపోతుంది.

అదే ఇంటికి వెన్నుదూలం పెడితే లెక్క మారుతుంది. జతకు 100 కిలోల చొప్పున దూలం మొయ్యాలి. నిట్టాళ్ల నడుమ 3 మీటర్లు, వాసాల జతలు 60 సెంటీమీటర్లకు ఒకటి అయితే ఒక్కో అంకణంలో 500 కిలోలు. దీనికి గట్టి టేకు, మద్ది దూలమో, ముదురు తాటిదూలమో కావాలి. తాటిమానులో గట్టిదనమంతా వెలుపలి చుట్టులో ఉంటుంది, లోపల మెత్తటి బెండు. అందుకే మానును నిలువునా చీల్చి నల్లచేవ ఉన్న భాగాన్ని మాత్రమే వాడతారు. చేవ లేని దూలం కుంగిందంటే వాసాలు దాని మీద వేలాడటం మానేసి ఒకదాన్నొకటి నెట్టుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు అడ్డదూలం లేని గోడలు బయటికి కదులుతాయి.

వీటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని పూర్తిగా పాటించాలి, సగం ఇది సగం అది కుదరదు. గది ఎత్తు పెరుగుతుందని అడ్డదూలాలు కోసేసి, సన్నటి కొప్పు పలకను చూసి అదే మోస్తుందిలే అనుకోవడం తరచూ జరిగే తప్పు. అమెరికా నివాస గృహాల నియమావళి ఈ సందిగ్ధానికి తావివ్వలేదు. వాలు 12కు 3 కన్నా తక్కువైతే నడికొప్పును మోసే దూలంగానే లెక్కగట్టాలంటుంది. అంతకు మించిన వాలులో పలక చాలు, కానీ దాని వెడల్పు వాసం కోసిన కొసకు తగ్గకూడదు, కింద అడ్డకట్టు ఉండి తీరాలి. నడికొప్పుకు దగ్గరగా రెండు వాసాలనూ కలిపే పై అడ్డకర్ర గాలికి జత విడిపోకుండా పట్టుకుంటుందే తప్ప గోడల తోపుడును ఆపలేదు.

పెద్ద శాలల్లో అడ్డదూలం నడుమ నుంచి కొప్పుకు లేచే నిలువు కర్ర చూసేవారిని మోసం చేస్తుంది. అది కొప్పును కింది నుంచి మోస్తున్నట్టు కనిపిస్తుంది. సరిగా కట్టిన చట్రంలో అది కొప్పు నుంచి వేలాడుతూ, కుంగబోయే అడ్డదూలాన్ని పైకి పట్టుకుని ఉంటుంది. అందుకే దాని అడుగు కొసకు ఇనుప పట్టీ చుట్టి బోల్టు వేస్తారు.

నిలబెట్టేటప్పుడు ఇరుచివరల జతలను ముందు లేపి, గుండు వేసి నిటారు చూసి, రెండు కొప్పుల నడుమ నూలు లాగి కడతారు. మిగిలిన జతలన్నీ ఆ నూలుకు తగలకుండా, దానికి దూరం కాకుండా లేవాలి. ఈ దశలో కప్పుకు ఒక పెద్ద బలహీనత ఉంది. అటూ ఇటూ ఎంత గట్టిగా ఉన్నా, ఇంటి పొడవు దిక్కున జతలన్నీ ఒకేసారి పడిపోగలవు. ఒక్కో వాలులో ఏటవాలు బద్దలు కొట్టేదాకా ఎవరూ పైన కూర్చోకూడదు, పెంకు ఒక్కటి కూడా ఎక్కించకూడదు.

గాలి

వాలుకప్పును గాలి తోస్తుందనుకుంటాం గానీ ఎక్కువసార్లు అది పీల్చి లేపుతుంది. గాలి నడికొప్పును దాటి అవతలి వాలు మీదికి దిగేచోట, చూరు అంచుల్లో, మూలల్లో పీల్పు ఎక్కువ. వాలు తక్కువైన కప్పుల్లో ఎదురువాలు కూడా లేవబోతుంది. రేకు షెడ్లు ముందు ఎగిరిపోవడానికి ఇదే కారణం. భారత ప్రమాణాల సంస్థ గాలి పటంలో విశాఖపట్నం, విజయవాడలకు మూలవేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44, కర్నూలుకు 39. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరంలో రేకుల కప్పులు పెద్ద ఎత్తున ఎగిరిపోయాయి.

పెంకు దాని కింది అడ్డబద్ద అయిన రీపరుకు, రీపరు వాసానికి, వాసం గోడ మీది పట్టెకు, పట్టె గోడకు, గోడ పునాదికి, ఇలా ఏ ఒక్క లంకె వదులైనా గాలి అక్కడే లాగేస్తుంది. మేకు గాలికి సులువుగా ఊడివస్తుంది. వాసాన్ని చుట్టి పట్టెకు బిగించే ఇనుప పట్టీకి అయ్యే ఖర్చు స్వల్పం. తీరంలో కొత్తగా కప్పు వేసేవారు కొప్పు పెంకులను, చూరు వరుసలను తీగతో రీపరుకు కట్టించుకోవాలి. చూరు గోడ దాటి అరమీటరుకు మించి రాకుండా చూసుకోవడం మేలు.

కప్పు మీద మనిషి

కప్పు మీద ప్రమాదాలు రెండు రకాలు: అంచు నుంచి జారిపడటం, కప్పు విరిగి లోపలికి పడటం. మన దగ్గర రెండోదాన్ని తక్కువగా అంచనా వేస్తారు. ఆస్బెస్టాస్ సిమెంటు రేకు చూడటానికి రాతిపలకలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, మనిషి కాలు పడగానే ముందు చప్పుడైనా లేకుండా పగులుతుంది. బోల్టుల వరుస మీద నడిస్తే ఏమీ కాదన్నది కార్మికుల్లో బలంగా ఉన్న నమ్మకం. కింద దంతె ఉన్నమాట నిజమే. కానీ ఆ సన్నటి గీత మీద అడుగు తప్పడానికి ఒక్క తూలుడు చాలు. పాచి కింద, దుమ్ము కింద బోల్టులు కనబడవు కూడా. కనీసం రెండు దంతెల మీద ఆనేంత పొడవైన పలకలు వేసి, వాటి మీదే కదలాలి. మొదటి పలక మీద నిలబడి ముందుకు జరపడానికి రెండో పలక ఉండాలి. ఒక్క పలకతో ఎక్కడం పలక లేకుండా ఎక్కినట్టే. పాత ఆస్బెస్టాస్ రేకును కోయడం, రుద్దడం చెయ్యకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లతో తడిపి, పగలకుండా దించాలి.

పెంకుల కప్పు మీద పెంకు నడుమ కాలు పెట్టరాదు. రెండు పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట, సరిగ్గా కింద రీపరు ఉంటుంది. బరువు అక్కడ మోపాలి. అంతకన్నా మంచిది నాలుగు పెంకులు తీసి వాసం మీదే నిలబడటం. చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడాలి, పెంకు కింద తేళ్లు, జెర్రులు కాపురముంటాయి, కొప్పు కింద కందిరీగలు పట్టు పెడతాయి. కుట్టినదానికంటే ఉలిక్కిపడి జారడమే ప్రమాదం.

పెంకులు దించేటప్పుడు ఒక వాలును పూర్తిగా ఖాళీ చేసి రెండోదానికి పోవడం తప్పు. జతవాసాలు నిలబడేది రెండువైపులా బరువు సమంగా ఉన్నప్పుడే. ఒకవైపు తేలికైతే బరువున్నవైపు నుంచి తోపుడు మిగిలిపోయి కొప్పు ఒరుగుతుంది. అటు రెండు వరుసలు, ఇటు రెండు వరుసలు తియ్యాలి. తీసిన పెంకులను కప్పు మీదే ఒకచోట పేర్చకూడదు. ముప్పై పెంకుల దొంతర ఒక మనిషి బరువుంటుంది.

నిచ్చెన నాలుగు మీటర్ల ఎత్తుకు ఆనితే కాళ్లు గోడకు ఒక మీటరు దూరంలో ఉండాలి. చూరు దాటి మరో మీటరు పైకి ఉంటేనే దిగేటప్పుడు పట్టు దొరుకుతుంది. పై కొసను కట్టెయ్యాలి. ఇంటికి వచ్చే కరెంటు సర్వీస్ వైరు చాలా ఊళ్లలో చూరు పక్కనుంచే వెళుతుంది. ఇనుప నిచ్చెన ఎత్తేముందు దాన్ని చూసుకోవాలి, అవసరమైతే లైన్‌మన్‌తో సరఫరా ఆపించాలి. నిలువు వాలు మీద పనికి కొప్పును దాటి అవతలి వైపు పట్టుకునే కొక్కెం ఉన్న కప్పు నిచ్చెన వాడతారు.

తాడు దగ్గరే అసలు గందరగోళం. నడుముకు కట్టే బెల్టు పడినప్పుడు వెన్నును, కడుపును నలిపేస్తుంది. భుజాలను, తొడలను పట్టే పూర్తి జీను కావాలి. దాన్ని కొప్పు పెంకుకో, రీపరుకో, సన్నటి కొప్పు పలకకో తగిలిస్తే కట్టుకోనట్టే లెక్క. అమెరికా నిబంధనల ప్రకారం ఒక్కో మనిషికి కట్టే ఆధారం 5000 పౌండ్లు, అంటే రెండు టన్నులకు పైగా లాగుడుకు తట్టుకోవాలి. గోడలకు బిగిసిన అడ్డదూలం, నిట్టాడి మీది మోసే వెన్నుదూలం చేవ చెడకుండా ఉన్నాయని చూశాక ఆ పనికి పరిశీలించదగ్గవి. లేదంటే తాడును కొప్పు మీదుగా అవతలికి దించి, గట్టి చెట్టుకో స్తంభానికో కట్టాలి.

ఇంకో మెలిక ఉంది. పడ్డాక పట్టుకునే తాడులో కుదుపును మింగే పట్టీ సాగుతుంది. తాడు పొడవు, సాగుడు, మనిషి ఎత్తు కలిపితే పూర్తిగా ఆగేసరికి ఐదారు మీటర్లు కావాలి. మన పెంకుటిళ్ల చూరు నేలకు మూడు మీటర్లు కూడా ఉండదు. అంటే తాడు బిగిసేలోపే నేల తగులుతుంది. అందుకే ఒకే అంతస్తు ఇంటి మీద, మనిషి అసలు అంచు దాకా వెళ్లలేనంత పొట్టిగా తాడును కట్టాలి. జీనులో వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి, లేకపోతే కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పవచ్చు. కాబట్టి కింద ఒక మనిషి, రెండో నిచ్చెన లేకుండా పని మొదలుపెట్టరాదు.

చట్టం వైపు చూస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ ఎత్తు నుంచి పడే ప్రమాదమున్న చోట కంచె గానీ మరో రక్షణ గానీ యజమానే కల్పించాలని చెప్పింది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఈ బాధ్యతను నిర్మాణ స్థలాలకు విస్తరించింది. అయితే సొంత నివాసం కోసం 10 లక్షల రూపాయల లోపు ఖర్చుతో చేయించుకునే పనిని తన పరిధిలోంచి తప్పించింది. 2020 నాటి వృత్తి భద్రత స్మృతి కూడా ఇలాంటి మినహాయింపును ఉంచింది. మన ఊళ్లలో పెంకులు సర్దించడం, రేకులు మార్పించడం దాదాపుగా ఈ మినహాయింపు కిందికే వస్తాయి. ఆ పనిని చూడటానికి ఏ తనిఖీ అధికారీ రాడు. తాడు, పలకలు, నిచ్చెన పట్టుకునే మనిషి, ఇవి కూలీతో పాటు ఇంటివాళ్లే భరించాల్సిన ఖర్చులు. వాన వెలిసిన గంటలోనే పాచిపట్టిన పెంకుల మీదికి ఎక్కమని ఎవరినీ తొందరపెట్టకండి. ఆ పూటకు కారే చోట బిందె పెట్టుకోవచ్చు.